అమ్మే అలారం... ఎంతకాలం?

‘లేమ్మా... ఏడైంది!’
‘ఐడీ కార్డు పెట్టుకున్నావా? చార్జరు? టిఫిన్ డబ్బా?’
‘కరెంటు బిల్లు కట్టావా? నిన్ననే ఆఖరు రోజు కదే!’

పదో తరగతి పిల్లకి అమ్మ ఇలా చెబుతుంటే ఎవరూ వింతగా చూడరు. కానీ బీటెక్ పూర్తిచేసి, బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న ఇరవై మూడేళ్ల అమ్మాయికి రోజూ పొద్దున్నే ఫోన్ చేసి ఇవే మాటలు చెప్పాల్సి వస్తుంటే? ‘ఇదెప్పటికి బాగుపడుతుందో’ అని ఇక్కడ అమ్మ నిట్టూరుస్తుంది. ‘అందరికీ తేలిగ్గా వచ్చేది నాకెందుకు రాదు?’ అని అక్కడ ఆ అమ్మాయి కుమిలిపోతుంది. ఇలాంటి పిల్ల మనింట్లోనో పక్కింట్లోనో ఉండే ఉంటుంది. ఆమెకున్నది ఏడీహెచ్‌డీ కావచ్చని ఇంట్లో ఎవరికీ తట్టి ఉండదు.

ఏడీహెచ్‌డీ అంటే ఏకాగ్రత నిలవకపోవడం, అతి చురుకుదనం, తొందరపాటు... ఈ మూడూ ఎక్కువ తక్కువలుగా కలిసిన సమస్య. ప్రపంచం మొత్తమ్మీద పిల్లల్లో సుమారు 5 శాతం మందిలో ఇది ఉంటుందని అంచనా. వయసు పెరిగేకొద్దీ గెంతులు తగ్గుతాయి. మరపు, వాయిదాలు, తొందరపాటు మాత్రం చాలామంది వెంట కాలేజీకీ, ఆఫీసుకీ, అత్తారింటికీ కూడా వస్తాయి. అలాగని బతుకేమీ ఆగిపోదు. దీంతో హాయిగా బతకడం నేర్చుకోవచ్చు. కాకపోతే నేర్చుకునే పద్ధతే కాస్త వేరు.

ఇష్టమైతే కూర్చుంటాడుగా!

‘మూడు గంటల సినిమా కదలకుండా చూస్తాడు. పుస్తకం ముట్టుకుంటే మాత్రం పది నిమిషాలకే లేస్తాడు. ఒళ్లు బద్ధకం కాక ఇంకేంటి?’ చాలా ఇళ్లలో వినిపించే మాటే ఇది. నిజానికి వీళ్లకు ఏకాగ్రత ఉంటుంది. దాన్ని కావలసినప్పుడు కావలసిన చోటికి మళ్లించడమే కష్టం. ఆసక్తి ఉన్నచోట అతుక్కుపోతుంది, విసుగు పుట్టించే పని దగ్గర జారిపోతుంది. పని మొదలుపెట్టడం, గుర్తుంచుకోవడం, టైమును అంచనా వేయడం, నోటిదాకా వచ్చిన మాటను ఆపుకోవడం... వీటన్నిటినీ మెదడు ముందు భాగం ప్రధానంగా చూసుకుంటుంది. అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ పరిశోధకులు 2007లో ఓ సంగతి బయటపెట్టారు. మెదడు పైపొర ఎదుగుదలలో ఒక ముఖ్యమైన దశకు మామూలు పిల్లలు సగటున ఏడున్నరేళ్లకు చేరుకుంటే, ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలు పదిన్నరేళ్లకు చేరుకున్నారట. అంటే ఎదుగుదల ఉంది, ఆలస్యంగా జరుగుతోందన్నమాట.

‘సెల్‌ఫోన్లు తెచ్చిన జబ్బు’ అనేవాళ్లూ ఉన్నారు. ఫోన్ వల్ల ఇబ్బంది పెరగొచ్చు గానీ సమస్య మాత్రం పాతదే. లండన్‌లో జార్జ్ స్టిల్ అనే పిల్లల డాక్టరు ఇలాంటి పిల్లల గురించి 1902లోనే ఉపన్యాసాలిచ్చారు. మరి ‘తల్లి పెంపకం సరిగ్గా లేదు’ అనే మాట? కవలల మీద జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, ఇది ఒకరికి రావడంలో, ఇంకొకరికి రాకపోవడంలో సుమారు 74 శాతం పాత్ర జన్యువులదేనని తేలింది. కాబట్టి అత్తగారి మాటలు విని మిమ్మల్ని మీరు తిట్టుకోవడం ఇకనైనా మానేయండి.

‘వట్టి మాలోకం’ అనేస్తారు

మగపిల్లాడైతే గోడలెక్కుతాడు, బల్లలు విరగ్గొడతాడు. టీచరు నుంచి వారానికో కబురొస్తుంది. దాంతో ఎవరో ఒకరు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లమంటారు. ఆడపిల్ల అలా కాదు. చివరి బెంచీలో కూర్చుని కిటికీలోంచి చూస్తూ ఉంటుంది. ఎవరికీ ఇబ్బంది లేదు. ‘వట్టి మాలోకం’ అని నవ్వేసి ఊరుకుంటారు. గుర్తించిన కేసుల్ని చూస్తే చిన్నతనంలో ఇద్దరబ్బాయిలకు ఒక అమ్మాయి ఉంటుంది. పెద్దవాళ్లలోకి వచ్చేసరికి ఆ తేడా బాగా తగ్గిపోతుంది. కారణాల్లో ఒకటి... చిన్నప్పుడు ఎవరూ గమనించకుండా వదిలేసిన అమ్మాయిలు పెద్దయ్యాక బయటపడటం.

ఈలోపు ఆ అమ్మాయి ఏం చేస్తుంది? మరచిపోతానన్న భయంతో పదిసార్లు సరిచూసుకుంటుంది. అందరూ గంటలో చదివేది అర్ధరాత్రి దాకా కూర్చుని చదువుతుంది. మార్కులు బాగానే వస్తాయి. లోపల మాత్రం అలసిపోతుంది. ఆందోళన, దిగులు మొదలైతే వాటికే మందులు వాడతారు గానీ అసలు కారణం దాకా ఎవరూ వెళ్లరు. పిల్లాణ్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లిన తల్లి, ఆయన అడిగే ప్రశ్నలు వింటూ ‘ఇవన్నీ నాకూ ఉన్నాయే!’ అని ఆశ్చర్యపోవడం కూడా అరుదేమీ కాదు.

అలాగని తాళాలు మరచిపోయిన ప్రతివాళ్లకీ ఈ పేరు తగిలించకూడదు. లక్షణాలు పన్నెండేళ్లలోపే మొదలై ఉండాలి. కనీసం 6 నెలలుగా ఉండాలి. ఇల్లు, కాలేజీ, ఆఫీసు... వీటిలో కనీసం రెండుచోట్ల కనిపించాలి. బతుకు బండికి అడ్డం పడుతూ ఉండాలి. నిద్రలేమి, థైరాయిడ్ తేడాలు, రక్తహీనత, ఆందోళన కూడా ఇలాగే కనిపించవచ్చు. అందుకే ఫోన్లో పది ప్రశ్నలకు జవాబిచ్చి తేల్చేసుకోకూడదు. సైకియాట్రిస్టే చూడాలి. వెళ్లేటప్పుడు పాత ప్రోగ్రెస్ రిపోర్టులు వెంట తీసుకెళ్లండి. ‘తెలివైనదే, శ్రద్ధ లేదు’ అని టీచర్లు రాసిన మాటలు డాక్టరుకు ఎంతో ఉపయోగపడతాయి.

గంట కొట్టేవాళ్లు లేకపోతే...

మన తెలుగు ఇళ్లలో ఈ సమస్య బయటపడే సమయం ఒకటుంది. ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీలో తెల్లవారుజామునే లేపడానికి గంట, స్టడీ అవర్‌కి గంట, భోజనానికి గంట. పక్కనే వార్డెన్. ఏ పూట ఏం చదవాలో కూడా కాలేజీయే చెబుతుంది. ఆ ఒత్తిడి మంచిదా చెడ్డదా అన్నది వేరే సంగతి. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లకి కావలసిన బయటి ఆసరా మాత్రం అక్కడ దొరుకుతుంది. మార్కులు తొమ్మిది వందల యాభై దాటతాయి. ఇల్లంతా పండగే!

తర్వాత ఇంజినీరింగ్. అక్కడ గంట కొట్టేవాళ్లు ఉండరు. అసైన్‌మెంట్ ఎప్పుడు మొదలుపెట్టాలో ఎవరూ చెప్పరు. మొదటి సెమిస్టర్లో రెండు సబ్జెక్టులు పోతాయి. ఆ తర్వాత నాలుగు. ‘ఇంటర్లో అంత బాగా చదివినవాడికి ఇప్పుడేమొచ్చింది? చెడు సావాసాలేమో!’ అని ఇంట్లో అనుమానం. పిల్లాడికేమో చెప్పుకోలేని సిగ్గు. కొందరు చదువు మానేస్తారు, కొందరు ఇంటికి ఫోన్ చేయడం మానేస్తారు.

పిల్లాడిలో తెలివి ఎక్కడికీ పోలేదు, పోయింది గంటే. కాబట్టి ‘బుద్ధిగా ఉండు’ అని వెయ్యిసార్లు చెప్పడం కన్నా, సొంతంగా ఓ గంట కట్టుకోవడం నేర్పడం మేలు.

మనసులో వద్దు... గోడ మీద పెట్టండి

బుర్రలో నిలవని దాన్ని కళ్లెదుట పెట్టుకోవడమే వీళ్లకు అసలు కిటుకు. మానసిక నిపుణులు నేర్పే పద్ధతుల్లో చాలావాటికి ఇదే మూలం.

* టైము కనిపించాలి: గదిలో ముళ్ల గడియారం ఉండాలి. వీలైతే స్నానాల గది దగ్గర కూడా. ‘ఐదు నిమిషాల్లో రెడీ’ అనే లెక్కను ఓ వారం పాటు నిజంగా కొలిచి చూడమనండి. పావుగంట పడుతోందని తేలితే ఇకమీదట పావుగంటే లెక్క.

* ఒక వస్తువు, ఒకే చోటు: తలుపు పక్కన ఓ మేకు. బండి తాళం, ఐడీ కార్డు, హెల్మెట్ అక్కడే. ఇంట్లోకి రాగానే చెప్పులు విప్పకముందే తాళం మేకుకి తగిలించాలి.

* పనిని ముక్కలు చేయాలి: ‘ల్యాబ్ రికార్డు పూర్తిచేయాలి’ అనుకుంటే కొండలా కనిపిస్తుంది. ‘రికార్డు తీసి మొదటి ప్రయోగం పేరు రాయాలి’ అని రాసుకుంటే చెయ్యి కదులుతుంది. మొదలైతే సగం పని అయినట్టే.

* ‘ఇది అవగానే అది’: ‘సాయంత్రం చదువుతాను’ అనే మాట గాలికి పోతుంది. ‘టీ గ్లాసు కడిగి పెట్టగానే పుస్తకం తీస్తాను’ అంటే నిలుస్తుంది. పాత అలవాటు కొంగుకి కొత్త అలవాటును ముడేయడమన్నమాట.

* పక్కన ఓ మనిషి: చాలామందికి ఎవరైనా పక్కన ఊరికే కూర్చుంటే చాలు, పని సాగుతుంది. పిల్ల చదువుకుంటుంటే మీరు చిక్కుడుకాయలు ఒలుచుకోండి. మాట్లాడక్కర్లేదు, పుస్తకంలోకి తొంగిచూడక్కర్లేదు. హాస్టల్లో అయితే ఓ స్నేహితురాలు. ఆమె పని ఆమెది, ఈమె పని ఈమెది.

* నిద్ర, ఒళ్లు అలిసే పని: వీళ్లలో చాలామందికి రాత్రి త్వరగా నిద్ర పట్టదు. నిద్ర చాలకపోతే మర్నాడు మరపు రెట్టింపవుతుంది. పడుకునే గదిలోకి ఫోన్ వెళ్లకూడదు. రోజూ కాసేపు నడక, ఈత, షటిల్... ఏదో ఒకటి ఉంటే మంచిది.

ఇంకో సంగతి. ఏ పద్ధతైనా కొన్నాళ్లకు పాతబడుతుంది. గోడమీద కాగితం కంటికి ఆనడం మానేస్తుంది. ‘చూశావా, ఇదీ మూణ్నాళ్ల ముచ్చటే’ అని దెప్పకండి. కాగితం రంగు మార్చండి, చోటు మార్చండి. మళ్లీ మొదలుపెట్టడం కూడా వీళ్లు నేర్చుకోవాల్సిన విద్యే.

డబ్బు... బండి... జాగ్రత్త!

తొందరపాటుకి ఖరీదు ఉంటుంది. ఇవాళ ఫోన్లో వేలు ఆనిస్తే చాలు, డబ్బు వెళ్లిపోతుంది. అందుకే రెండు ఖాతాలు పెట్టించండి. జీతం ఒకదాంట్లో పడాలి. అద్దె, బిల్లులు, పొదుపు దానంతటదే అందులోంచి వెళ్లిపోయేలా బ్యాంకులో ఏర్పాటు చేసుకోవాలి. వారం ఖర్చుకి సరిపడా మాత్రమే రెండో ఖాతాలోకి. ఫోన్‌తో చెల్లించేది ఆ రెండోదాంట్లోంచే. వెయ్యి రూపాయలు దాటిన వస్తువైతే ఓ రాత్రి ఆగి, పొద్దున కూడా కావాలనిపిస్తేనే కొనాలి.

బండి సంగతి ఇంకా ముఖ్యం. స్వీడన్‌లో ఏడీహెచ్‌డీ ఉన్న 17 వేల మందికి పైగా పెద్దవాళ్లను పరిశీలించిన అధ్యయనం 2014లో వెలువడింది. వీళ్లకు తీవ్రమైన రోడ్డు ప్రమాదాల ముప్పు మిగతావాళ్లకన్నా ఎక్కువని తేలింది. మందులు వాడుతున్న రోజుల్లో మగవాళ్లలో ఆ ముప్పు బాగా తగ్గిందట. అందుకని బండి ఎక్కితే ఫోన్ జేబులో కాదు, డిక్కీలో ఉండాలి. హెల్మెట్ పెట్టుకోకుండా తాళం తిప్పకూడదు. దీంట్లో మాత్రం అమ్మానాన్నలు పట్టు విడవకూడదు.

మందులంటే భయమా?

‘మెదడుకి మందులా? అలవాటైపోతాయేమో!’ తల్లుల మొదటి భయం ఇదే. ఏడీహెచ్‌డీకి ఎక్కువగా వాడే మిథైల్‌ఫెనిడేట్‌ని 1944లో స్విట్జర్లాండ్‌లోని సీబా కంపెనీ రసాయన శాస్త్రవేత్త లియాండ్రో పానిజాన్ తయారుచేశారు. భార్య మార్గరీట్‌ని ముద్దుగా రీటా అని పిలిచేవారట. ఆ పేరుమీదే దానికి రిటాలిన్ అనే పేరొచ్చింది. అప్పటినుంచీ దాని మీద ఎన్నో పరిశోధనలు జరిగాయి. అది పడనివాళ్లకు అటమాక్సెటిన్ లాంటి వేరే రకం మందులూ ఉన్నాయి.

ఆకలి తగ్గడం, నిద్ర పట్టకపోవడం, గుండె వేగం కాస్త పెరగడం లాంటి ఇబ్బందులు రావొచ్చు. బరువు, బీపీ చూస్తూ డాక్టరు మోతాదు సరిచేస్తారు. చీటీ లేకుండా కొనకూడదు. పరీక్షల ముందు హాస్టల్ స్నేహితులకు పంచిపెట్టడం ప్రమాదమే కాదు, నేరం కూడా. గర్భం కోసం చూస్తున్న అమ్మాయిలు ముందే డాక్టరుతో మాట్లాడాలి. నెలసరికి ముందు రోజుల్లో మరపు, చిరాకు ఎక్కువవుతుంటే అదీ చెప్పాలి.

అయితే మందు ఒక్కటే అన్నీ చక్కబెట్టదు. అమెరికాలో 579 మంది పిల్లల మీద జరిపిన పెద్ద అధ్యయనం ఫలితాలు 1999లో వచ్చాయి. జాగ్రత్తగా చూసి ఇచ్చిన మందుతో 14 నెలల్లో ముఖ్య లక్షణాలు బాగా తగ్గాయి. కొన్నేళ్ల తర్వాత చూస్తే ఏ చికిత్స తీసుకున్న పిల్లలైనా దాదాపు ఒకేలా ఉన్నారు. మందు వల్ల పనిమీద మనసు నిలుస్తుంది. ఆ మనసుతో ఏ పని ముందు చేయాలో మనమే నేర్పాలి. పెద్దవాళ్లకు ఈ అలవాట్లు నేర్పే కౌన్సెలింగ్ పద్ధతులు ఉన్నాయి. మందు వాడుతున్నా ఇబ్బందులు మిగిలినవాళ్లకు వాటితో మేలు జరుగుతుందని 2010లో వచ్చిన అధ్యయనాలు తేల్చాయి.

ఎక్కడికెళ్లాలి అంటారా? హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి. బెంగళూరు నిమ్హాన్స్ సంగతి తెలిసిందే. పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో సైకియాట్రీ విభాగాలుంటాయి. 18 ఏళ్లలోపు పిల్లలకు రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద చేసే పరీక్షల్లో ఏడీహెచ్‌డీ కూడా ఉంది. ముందు ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే 2022లో మొదలైన టెలీ మానస్ నంబరు 14416. తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు.

అమ్మ మెల్లగా తప్పుకోవాలి

ఇన్నాళ్లూ అలారం మోగించిన అమ్మ ఒక్కరోజులో ఆపేస్తే పిల్ల పడిపోతుంది. ఎప్పటికీ ఆపకపోతే పిల్ల నేర్చుకోదు. అందుకే మెట్టు మెట్టుగా దిగాలి. పద్నాలుగో ఏట, పదిహేనో ఏట మొదలుపెడితే మంచిది. హాస్టల్‌కి పెట్టె సర్దే రోజు దాకా ఆగకండి.

మొదట మీరు చెబుతారు: ‘బ్యాగు సర్దుకో’. తర్వాత అడుగుతారు: ‘ఇప్పుడేం చేయాలి?’. ఆ తర్వాత నోరు విప్పకుండా గోడమీద కాగితం వైపు చూస్తారు. ఆఖరికి ఆదివారం సాయంత్రం పది నిమిషాలు మాత్రం... ‘ఈ వారం ఏమేం ఉన్నాయి?’ అని. ఒకేసారి అన్నీ వదలకండి. ఈ నెల లేవడం, వచ్చే నెల బట్టలు. బస్సు తప్పిపోతే తప్పిపోనివ్వండి. పరీక్ష ఫీజు గడువు మాత్రం తప్పనివ్వకండి. చిన్న నష్టం పాఠం చెబుతుంది, పెద్ద నష్టం పిల్లని విరిచేస్తుంది.

ఒలింపిక్స్‌లో 23 స్వర్ణాలతో కలిపి 28 పతకాలు గెలిచిన ఈతగాడు మైఖేల్ ఫెల్ప్స్‌కు తొమ్మిదో ఏట ఏడీహెచ్‌డీ అని చెప్పారు. తల్లి డెబీ టీచరు. ఓ పోటీలో ఓడిపోయి కోపంతో ఈత కళ్లద్దాలు విసిరికొట్టిన కొడుకుతో ఆమె ఓ సైగ ఏర్పాటు చేసుకుంది. గ్యాలరీలోంచి వేళ్లు అర్ధచంద్రంలా వంచి చూపిస్తే... ‘నిన్ను నువ్వు కూడదీసుకో’ అని అర్థం. అరుపులు లేవు, నలుగురిలో పరువు పోవడం లేదు. కొన్నాళ్లకు ఆమె వంటింట్లో చిరాకు పడుతుంటే కొడుకే ఆమెకి ఆ సైగ చూపించాడట!

కొడుకైతే... అలారం కోడలి చేతికా?

మన ఇళ్లలో దీనికి ఇంకో ముగింపు ఉంది. ‘పెళ్లయితే వాడే దారిలో పడతాడు’ అంటారు. అంటే ఏమిటి? అమ్మ మోగించిన అలారాన్ని కోడలి చేతికిస్తారు. బిల్లులు గుర్తుచేయడం, తాళాలు వెతకడం, ఆఫీసుకి తరమడం... అన్నీ ఆమె నెత్తిన. కారణం ఏమిటో మాత్రం ఆమెకి ఎవరూ చెప్పరు. ‘నా మాటంటే లెక్కలేదు’ అని ఆమె అనుకుంటుంది. ‘అమ్మలా సతాయిస్తోంది’ అని అతననుకుంటాడు.

అదే సమస్య అమ్మాయికి ఉంటే? పాలు పొంగిపోతే, చుట్టాల పెళ్లిరోజు మరచిపోతే క్షమించేవాళ్లుండరు. ‘పెంపకం’ మాట మళ్లీ మొదలు! అందుకే అబ్బాయైనా అమ్మాయైనా, మాటలు ఖాయం చేసుకోకముందే చెప్పేయడం మంచిది. పెద్దల పంచాయతీలో కాదు, ఆ ఇద్దరి మధ్య. ‘నాకు ఏడీహెచ్‌డీ ఉంది. తేదీలు మరచిపోతాను, అందుకే ఫోన్లో అలారాలు పెట్టుకుంటాను. నా వస్తువుల బాధ్యత నాదే’ అని సూటిగా చెప్పగలిగితే చాలు. పెళ్లయ్యాక పనులు పంచుకునేటప్పుడు ఎవరికి ఏది చేతనవునో చూసి పంచుకోవచ్చు. బిల్లులు ఒకరు, వంట ఒకరు.

చెబితే పరువు పోతుందా? 2016లో జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్ వైద్య రికార్డుల్ని దొంగిలించి బయటపెట్టారు. ‘అవును, చిన్నప్పటినుంచీ ఏడీహెచ్‌డీ ఉంది, మందు వాడుతున్నాను, ఇందులో సిగ్గుపడాల్సిందేం లేదు’ అని ఆమె అందరి ముందూ చెప్పేసింది. ‘పుష్ప’లో పోలీసు ఆఫీసరుగా మనల్ని భయపెట్టిన ఫహాద్ ఫాజిల్ తనకు 41వ ఏట ఏడీహెచ్‌డీ అని తెలిసిందని 2024లో చెప్పాడు. ‘ఆర్ఆర్ఆర్’ సీత ఆలియా భట్ కూడా అదే ఏడాది చెప్పింది. కెమెరా ముందు, కూతురి దగ్గర ఉన్నప్పుడే తన మనసు కుదురుగా ఉంటుందట.

ఈ మాటలు వద్దు... ఇవి అనండి

‘ఎన్నిసార్లు చెప్పాలి?’ వద్దు. ‘ఎక్కడ రాసిపెడితే కనిపిస్తుంది?’ అనండి.

‘మీ అక్కని చూసి నేర్చుకో’ వద్దు. ‘పోయిన నెలకన్నా ఈసారి నయం’ అనండి.

‘కావాలనే చేస్తున్నావు’ వద్దు. ‘ఎక్కడ ఆగిపోయావు? అక్కణ్నుంచి మొదలుపెడదాం’ అనండి.

ఇవన్నీ ఒకేసారి చేయాలనుకుంటే మీకూ విసుగొస్తుంది, పిల్లలకీ విసుగొస్తుంది. ఈ ఆదివారం ఒక్క పని చేయండి. తలుపు పక్కన ఓ మేకు కొట్టించండి. సుత్తి మాత్రం పిల్లల చేతికే ఇవ్వండి. ఎక్కడ కొడితే తమ కంటికి ఆనుతుందో వాళ్లకే తెలుసు!